కరిగిపోయే కుట్లు ఎక్కడికి పోతాయి?

పోయిన ఎపిసోడ్ చివర్లో ఒక మాట అన్నాను. ఒంట్లో వేసి వదిలేసే దారం, స్క్రూ కూడా ఒక రకంగా సెంట్రింగ్ లాంటివే అని. దానిమీద దోహా నుంచి, దమ్మామ్ నుంచి, ఇక్కడ బ్రాంప్టన్ నుంచి కూడా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, కుట్లు విప్పక్కర్లేదు, వాటంతటవే కరిగిపోతాయన్నారు డాక్టరు గారు. కరిగి ఎక్కడికి పోతాయి?" ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "నా మోకాలిలో ప్లాస్టిక్ స్క్రూ వేశారంట, అది కూడా కరుగుద్దా, ఎన్నాళ్ళకి?" అని అడిగారు.

ఎపిసోడ్‌లో టైము చాలక పైపైన చెప్పేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదండి. ఐటీఐ చదివి, కొన్నేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి, ఇప్పుడు బ్రాంప్టన్‌లో కాంక్రీటు పనుల మీద సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి. కాబట్టి ఈ చరిత్ర నాకు అర్థమైన భాషలోనే చెబుతాను. సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ కర్రలు మధ్యమధ్యలో వస్తే ఏమీ అనుకోకండి.

ఒంట్లో కలిసిపోయే దారం కొత్తది కాదు. గొర్రెల, పశువుల పేగులతో చేసిన తంతి వందల ఏళ్ళ నుంచీ ఉంది. దాన్ని క్యాట్‌గట్ అంటారు. పేరులో పిల్లి ఉన్నా, పిల్లికి దానితో సంబంధం లేదు. మన సుశ్రుతుడైతే పేగు చిరిగినచోట నల్లచీమల చేత కరిపించి, తలలు అలాగే ఉంచి ఒంటిని తుంచెయ్యమని రాశాడు. అంటే లోపల పెట్టింది లోపలే కలిసిపోవాలి, మళ్ళీ కోసి తియ్యకూడదు అనే ఆలోచన అంత పాతది.

అసలు గొడవ చీముతో. 1860ల దాకా రక్తనాళాన్ని కట్టేటప్పుడు పట్టుదారంతోనో, నారదారంతోనో కట్టి, కొసలు గాయం బయటికి వేలాడదీసేవారు. కొన్ని రోజులకి లోపల కుళ్ళి దారం ఊడొచ్చేది. దాన్ని లాగి తీసేవారు. ఒక్కోసారి దారంతోపాటు నాళమూ తెగి మనిషి రక్తం కారి పోయేవాడు. జోసెఫ్ లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్, ఆపరేషన్లకి కార్బాలిక్ ఆమ్లం వాడకం మొదలుపెట్టినాయన, పేగుతంతిని ఆ ఆమ్లంలో నానబెట్టి ఒక దూడ మెడ నాళానికి కట్టి, కొసలు కత్తిరించి, పైన చర్మం మూసేశాడు. నెల తర్వాత కోసి చూస్తే కట్టు ఉన్నచోట తంతి లేదు, దాని బదులు దూడ సొంత కండ ఉంది. 1869లో ఈ సంగతి రాశాడు. 1881 నాటికి ఇంకో చిట్కా పట్టాడు. తోలు పదును చేసేవాళ్ళు క్రోమియం ఉప్పులు వాడతారు కదా, అదే పని పేగుతంతికీ చేస్తే అది త్వరగా అరిగిపోదు. క్రోమిక్ క్యాట్‌గట్ అని మన ఆసుపత్రుల్లో కూడా చాలాకాలం వాడిన దారం ఇదే.

దీనికి ఒక లోపం ఉంది. పేగుతంతి అంటే మాంసకృత్తే, మనం తిన్న మాంసంలో ఉండేలాంటిదే. దాన్ని ఒంట్లోని కణాలు ఎంజైములతో అరిగించుకుంటాయి. కణాల హడావుడి అందరిలో ఒకేలా ఉండదు. గాయంలో చీము పట్టిందనుకోండి, అక్కడ అరిగించే కణాలు గుంపులుగా చేరి దారాన్ని ఇంకా వేగంగా తినేస్తాయి. దారం ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే త్వరగా తెగుతుందన్నమాట. సర్జన్లకి ఇన్నేళ్ళ బాధ ఇదే. దారం కరగడం ఒక్కటే చాలదు, ఎప్పుడు కరుగుతుందో ముందే తెలియాలి.

ఆ సమస్యకి జవాబు ఆసుపత్రిలో దొరకలేదు. బట్టల దారం కోసం వెతుకుతున్న ఫ్యాక్టరీలో, పనికిరాదని పక్కన పడేసిన సరుకులో దొరికింది.

1930ల మొదట్లో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త కృత్రిమ దారం చెయ్యాలని రకరకాల పాలిఎస్టర్లు తయారుచేశాడు. వాటిలో లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లం నుంచి వచ్చినవీ ఉన్నాయి. దారం వచ్చింది గానీ ఆ తొలి పాలిఎస్టర్లు కొద్దిపాటి వేడికే మెత్తబడేవి, నీటికి విడిపోయేవి. ఉతికితే పోయే బట్ట ఎవరికి కావాలి? ఆయన వాటిని వదిలేసి ఇంకో దారి పట్టాడు. ఆ దారిలో వచ్చిందే నైలాన్. మన ఊళ్ళలో నులకమంచానికి అల్లిన నైలాన్ తాడు దాకా వచ్చిన కథ అది. తమాషా ఏమిటంటే సర్జన్లు నైలాన్‌ని కూడా తీసుకున్నారు, కరగని కుట్లకి.

తడికి ఓర్చుకోని ఆ పాలిఎస్టర్లు చాలాకాలం అలాగే పడి ఉన్నాయి. 1960ల్లో అమెరికన్ సైనమిడ్ అనే కంపెనీలో ఎడ్వర్డ్ ష్మిట్, రోకో పోలిస్టినా అనే ఇద్దరు అదే లోపాన్ని తిరగేసి చూశారు. ఒంట్లో ఉండేది ఎక్కువ నీరే. నీటికి విడిపోయే దారం అక్కడ తనంతట తానే విడిపోతుంది, ఏ కణమూ వచ్చి తినక్కర్లేదు. నీరు అందరి ఒంట్లోనూ ఉంది, వేడి అందరికీ 37 డిగ్రీలే. కాబట్టి విడిపోయే వేగం మనిషికీ మనిషికీ పెద్దగా మారదు. పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో చేసిన కుట్టుదారానికి 1967లో వాళ్ళకి పేటెంటు వచ్చింది. 1970లో ఆ కంపెనీకి చెందిన డేవిస్ అండ్ గెక్ విభాగం దాన్ని డెక్సాన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. నాలుగేళ్ళకి ఎథికాన్ కంపెనీ విక్రిల్ తెచ్చింది. అందులో గ్లైకాలిక్ తొంభై పాళ్ళు, లాక్టిక్ పది పాళ్ళు. మీలో ఎవరికైనా ఈ మధ్య కరిగే కుట్లు పడి ఉంటే అది విక్రిలో, దాని చుట్టమో అయ్యే అవకాశం ఎక్కువ.

కుట్టుదారం ప్యాకెట్ ఎప్పుడైనా చూశారా? పైన ప్లాస్టిక్, లోపల అల్యూమినియం రేకు, అందులో ఎండబెట్టి సీలు చేసిన దారం. అంత జాగ్రత్త మైల కోసం ఒక్కటే కాదు, గాలిలో తడి తగిలితే దారం ప్యాకెట్లోనే బలహీనపడటం మొదలుపెడుతుంది. వానాకాలం పాలిథిన్ కప్పకుండా వదిలేసిన సిమెంటు బస్తా గుర్తుచేసుకోండి. బయట చూడటానికి బస్తా బస్తాలాగే ఉంటుంది, లోపల పని అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎలా విడిపోతుంది?

ఈ ప్లాస్టిక్ అంటే పొడవాటి గొలుసులు. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల అణువులు వందలు వేలు చెయ్యి చెయ్యి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టుని ఎస్టర్ బంధం అంటారు. నీటి అణువు వచ్చి ఆ పట్టు మధ్యలో దూరితే అది ఊడుతుంది, గొలుసు రెండు ముక్కలవుతుంది. నీరు దారం లోపలికంతా ఇంకుతుంది కాబట్టి గొలుసులు ఎక్కడ పడితే అక్కడ తెగుతాయి. ముందు గొలుసులు చిందరవందరగా ఉన్నచోట్ల తెగుతాయి. ఇటుకలు పేర్చినట్టు వరసగా సర్దుకున్నచోట్లకి నీరు దూరడానికి సందు తక్కువ, అవి చివర్న తెగుతాయి.

ఇక్కడే జనం పొరబడేది. గొలుసులు తెగుతున్నంత కాలం ముక్కలు ఇంకా అక్కడే ఉంటాయి. దారం చూస్తే దారంలాగే ఉంటుంది, బరువు తగ్గదు. కానీ బలం పోయి ఉంటుంది. ముందు పోయేది బలం, చాలా తర్వాత పోయేది ఆకారం. విక్రిల్ లెక్క చూడండి. రెండు వారాలకి దాని మొదటి బలంలో 75 శాతం మిగులుతుంది, మూడు వారాలకి 50, నాలుగు వారాలకి 25. అది పూర్తిగా మాయమయ్యేది మాత్రం 56 నుంచి 70 రోజులకి. అంటే నెల దాటాక లోపల ఉన్నది పేరుకే దారం.

అదే సమయంలో గాయం సంగతేంటి? కోసిన చర్మం మూడు వారాలకి అసలు బలంలో ఐదో వంతు దాకా తిరిగి తెచ్చుకుంటుంది. మూడు నెలలకి ఎనభై శాతం దాకా వస్తుంది, ఆ పైన పెద్దగా పెరగదు. ఒక గీత కిందికి దిగుతుంటే ఇంకో గీత పైకి ఎక్కుతోంది. మన పనిలో ఇది రోజూ చూసేదే. స్లాబ్ పోశాక కాంక్రీటు బలం పెరుగుతూ ఉంటుంది, అప్పటిదాకా బరువు మోసేది కింద ఉన్న సరుగుడు బాదులు, జాకీలు. ఎప్పుడు తియ్యాలన్నదే లెక్క. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి 7 రోజులు, అది దాటితే 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన బీముకి 21 రోజులు జాకీలు ఉంచాలి. ఇక్కడ కెనడా చలికాలంలో టార్పాలిన్లు కప్పి హీటర్లు పెట్టినా, సిలిండర్ టెస్టు రిజల్టు రానిదే షట్టరింగ్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. కరిగే కుట్టు అంటే తేదీ ప్రకారం తనంతట తానే ఊడే జాకీ. తేదీ వచ్చిందంటే ఊడుతుంది, స్లాబు గట్టిపడిందా లేదా అని అడగదు.

అందుకే సర్జన్లు చోటుని బట్టి దారం మారుస్తారు. పొట్ట గోడ మానడం నిదానం కాబట్టి అక్కడ తరచుగా పాలీడయాక్సనోన్ లాంటిది వేస్తారు. 1980ల మొదట్లో వచ్చిన దారం అది. వారాల తరబడి బలం నిలుపుకుంటుంది, పూర్తిగా పోవడానికి ఆరు నెలల పైనే పడుతుంది. హెర్నియాకి వేసే వలైతే ఎక్కువగా పాలీప్రొపిలీన్, అది అసలు కరగదు. పైన చర్మానికి కరిగే కుట్లు, లోపల కరగని వల, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

గల్ఫ్‌లో ఉండగా మా క్యాంపులో ఒక బార్‌బెండింగ్ ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయింది. మూడో వారానికి పైన కుట్లు కనపడలేదు, సన్నటి గీత మాత్రం మిగిలింది. "కుట్లు కరిగిపోయాయి కదా, మానిపోయినట్టే" అని ఆయన చేత రాడ్లు మోయించారు. రెండు నెలలకి అదే చోట మళ్ళీ ఉబ్బింది. రాడ్ల వల్లే అయిందని నేను తేల్చి చెప్పలేను, హెర్నియా తిరగబెట్టడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ కుట్లు కనపడకపోవడాన్ని మానడానికి గుర్తుగా తీసుకోవడం మాత్రం తలకిందుల లెక్క. ఎన్ని వారాలు, ఎన్ని కిలోలు అన్నది ఆపరేషన్ చేసినవాళ్ళనే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట ఫోర్‌మన్ దగ్గర చెల్లదు.

సరే, ముక్కలైన గొలుసులు చివరికి ఏమవుతాయి? ఇంకా ఇంకా తెగి, ఆఖరికి విడివిడి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలవుతాయి. మిగిలిన పొడిని మాక్రోఫేజ్ అనే కణాలు మింగి శుభ్రం చేస్తాయి. గ్లైకాలిక్ ఆమ్లం కొంత మూత్రంలో పోతుంది, కొంత ఒంట్లో వేరే పదార్థాలుగా మారిపోతుంది. లాక్టిక్ ఆమ్లం మనకి పాత చుట్టమే. పెరుగు పుల్లబడేది దానివల్లే. మెట్లమీద బస్తా మోస్తూ ఎక్కితే కండరాల్లో తయారయ్యేదీ అదే. కణం దాన్ని పైరూవిక్ ఆమ్లంగా మార్చి, కాల్చి, నీరూ బొగ్గుపులుసు గాలీ చేస్తుంది. ఆ గాలి ఊపిరితో బయటికి పోతుంది. 1970ల మొదట్లో కార్బన్-14 గుర్తు పెట్టిన పాలీలాక్టిక్ ఆమ్లాన్ని ఎలుకల్లో పెట్టి చూస్తే ఆ గుర్తు వాటి ఊపిరిలో దొరికింది. కాబట్టి "కుట్లు ఎక్కడికి పోతాయి" అన్నదానికి ఒక నిజమైన జవాబు, ఊపిరిలో పోతాయి అని.

కాల్చినప్పుడు వచ్చే శక్తి ఊరికే పోదు. దాన్ని కణం ఏటీపీ అనే అణువులో దాచుకుంటుంది. ఇక్కడే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు తగులుతారు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. అక్కడ ఆయన మద్రాసు చదువుకి వెంటనే డాక్టరు ఉద్యోగం రాలేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, కడిగి ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. ఇంజనీరింగ్ చదివి ఇక్కడ గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్న మన పిల్లలకి ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు. ఆ రోజుల్లో కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మేవారు. కండరం మీద చేసిన పనికే 1922 నోబెల్ బహుమతి హిల్, మైయర్‌హోఫ్ అనే ఇద్దరికి ఇచ్చారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. దాంతో లాక్టిక్ ఆమ్లం గురించిన పాత నమ్మకం కదిలిపోయింది. కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చేది ఈ ఫాస్ఫేటు సరుకు అని తేలింది.

ఇంకో కలయిక కూడా ఉంది. 1940లో ఆయన చేరిన లెడర్లే లాబొరేటరీస్ అమెరికన్ సైనమిడ్‌దే. తర్వాత డెక్సాన్ దారం తెచ్చిన కంపెనీ కూడా అదే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే రేపు వాట్సాప్‌లో "కరిగే కుట్లు కనిపెట్టింది మన తెలుగువాడే" అని తిరుగుతుంది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. డెక్సాన్ ఇరవై రెండేళ్ళ తర్వాతది, ఆయన చెయ్యి అందులో లేదు. ఆయనకి ఉన్న పేరు చాలు, లేనిది కలపక్కర్లేదు. నేను అనేది ఇంతే. మీ కుట్టులోని లాక్టిక్ ఆమ్లం కాలి ఏ అణువులో శక్తిగా చేరుతుందో, ఆ అణువుని లోకానికి చూపించినవాళ్ళలో భీమవరం ఆయన ఒకరు.

కుట్ల కథ ఇంతవరకూ బాగానే నడిచింది. ఎముకల దగ్గరికి వచ్చేసరికి తంటా మొదలైంది.

1966లో వాషింగ్టన్‌లో అమెరికా సైన్యం వైద్య పరిశోధనశాల నుంచి ఒక వ్యాసం వచ్చింది, పాలీలాక్టిక్ ఆమ్లాన్ని ఆపరేషన్లలో వాడొచ్చని. మొదటి రెండు పేర్లు మనవాళ్ళవే, కులకర్ణి, పాణి. ఆశ ఏమిటంటే ఉక్కు ప్లేటు, స్క్రూ వేస్తే ఎముక అతికాక మళ్ళీ కోసి తియ్యాల్సి రావొచ్చు. ఇదైతే ఆ రెండో ఆపరేషన్ తప్పుతుంది. 1984లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో రొక్కనెన్ బృందం చీలమండ విరిగినవాళ్ళకి ఈ జాతి ప్లాస్టిక్ కడ్డీలు వెయ్యడం మొదలుపెట్టింది. కడ్డీకి బలం చాలక అదే ప్లాస్టిక్ పోగులను దాని మధ్యలోనే పరిచి గట్టిచేశారు. కాంక్రీటులో ఇనప కడ్డీ వేసినట్టే, కాకపోతే కాంక్రీటూ కడ్డీ రెండూ ఒకే సరుకు.

దారం సన్నం, కడ్డీ లావు. లావుగా ఉన్నచోట లోపల తెగిన ఆమ్లం బయటికి పోవడానికి దారి ఉండదు. అక్కడే పోగుపడి, ఆ పులుపే మిగిలిన గొలుసులను ఇంకా వేగంగా తెంపుతుంది. ఫలితంగా పైపొర గట్టిగా ఉండగానే లోపల మెత్తబడిపోతుంది. 1990 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మిషెల్ వెర్ బృందం దీన్ని వివరంగా చూపించింది. పెద్ద రాఫ్ట్ ఫౌండేషన్ పోసినవాళ్ళకి ఇది తెలిసిందే. పైన చల్లబడుతుంది, నడిమధ్య వేడి బయటికి పోలేక పెరుగుతూనే ఉంటుంది.

పాలీగ్లైకాలిక్ కడ్డీలు త్వరగా విడిపోతాయి. ఒక్కసారిగా వచ్చిపడిన ఆ సరుకుని పక్కనున్న కండ శుభ్రం చేసుకోలేకపోతే అక్కడ నీరు చేరి వాపు వస్తుంది, కొందరికి చర్మం చిల్లిపడి కారుతుంది. సూక్ష్మజీవులు ఉండవు, అయినా చీముగడ్డలాగే కనపడుతుంది. హెల్సింకి వాళ్ళు తమ లెక్క దాచలేదు. 2000లో 2,528 మంది రోగుల లెక్క బయటపెట్టారు. అందులో 108 మందికి ఇలా అయింది, ఒక్కరికి తప్ప అందరికీ పాలీగ్లైకాలిక్ వల్లే, సగటున 11 వారాలకి.

నిదానంగా కరిగేది వేస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1980ల్లో బుగ్గ ఎముక విరిగిన పది మందికి పాలీ-ఎల్-లాక్టిక్ ప్లేట్లు, స్క్రూలు వేశారు. అతుకు బాగానే పడింది. మూడేళ్ళ తర్వాత నలుగురు వాపుతో తిరిగొచ్చారు. మిగతావాళ్ళని పిలిచి చూస్తే వాళ్ళలోనూ అలాంటి వాపు కనపడింది. కోసి చూస్తే గొలుసులు తెగగా మిగిలిన గట్టి పలుకులు, వరసగా సర్దుకున్న ఆ భాగాలే, 5.7 ఏళ్ళ దాకా పోకుండా ఉన్నాయి. త్వరగా కరిగితే ఒక బాధ, కరగకపోతే ఇంకో బాధ. తర్వాత రెండు రకాల లాక్టిక్‌నీ గ్లైకాలిక్‌నీ కలిపి మధ్యస్థంగా కరిగే మిశ్రమాలు చేశారు. 1990ల్లో వచ్చిన ఒకటి 82 పాళ్ళు, 18 పాళ్ళ కలయిక, ఏడాది ప్రాంతంలో పోతుంది. పసిపిల్లల పుర్రె ఆపరేషన్లలో ఇవి నిజంగా పనికొచ్చాయి. పెరిగే తలలో ఉక్కు ప్లేటు ఉంచకూడదు కదా.

మన సంగతికొస్తే, ఈ "మూడేళ్ళు, ఐదేళ్ళు" అన్న అంకె దగ్గర ఆగండి. మూడేళ్ళలో మనలో చాలామంది దేశమే మారిపోతాం. దోహాలో స్క్రూ పడుతుంది, వీసా అయిపోతుంది, జగిత్యాల వెళ్తాడు. నాలుగో ఏట మోకాలి దగ్గర వాపు కనపడుతుంది. అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీస్తాడు. ఉక్కు స్క్రూ అయితే ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. ఈ ప్లాస్టిక్ మామూలుగా ఎక్స్‌రేలో కనపడదు, ఎముకలో బెజ్జం నీడ మాత్రం కనపడుతుంది. పేషెంటు "లోపల ప్లాస్టిక్ ఏదో వేశారు" అంటాడు, పేరు తెలియదు. చీము అనుకోవచ్చు, గడ్డ అనుకోవచ్చు, టీబీ అని కూడా అనుమానించొచ్చు. లోపల ఏముందో చెప్పగలిగేది ఆపరేషన్ నోటు, దానిమీద అతికించిన ఇంప్లాంటు స్టిక్కరు. వాటి నకలు అడిగితే ఇవ్వాల్సిందే అన్న చట్టం ఇక్కడ ఒంటారియోలో 2004 నుంచి ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు డిశ్చార్జి అయ్యేముందే అడిగి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, కంపెనీ పీఆర్వో దగ్గర వదిలెయ్యొద్దు. ఇంకొకటి, వాపు కనపడిన ప్రతిసారీ ఇదే అనుకుని ఊరుకోవద్దు. వేడి, జ్వరం, ఎరుపు ఉంటే అది నిజంగా ఇన్ఫెక్షనే కావొచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.

ఆఖరుది గుండె. 1998 ప్రాంతంలో జపాన్‌లో ఇగాకి, తమాయ్ అనే ఇద్దరు పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసిన స్టెంటుని మనుషుల గుండె నాళాల్లో మొదటిసారి పెట్టారు. ఆలోచన చక్కగానే ఉంది. నాళం తెరుచుకుని నిలబడ్డాక లోపల ఇనప జల్లెడ జీవితాంతం ఎందుకు? తర్వాత అబాట్ కంపెనీ తెచ్చిన అబ్జార్బ్‌కి 2016 జూలైలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ అప్పట్లో వాడకంలో ఉండేది. 2017 ఫిబ్రవరిలో స్టెంట్లకి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టినప్పుడు కరిగే రకాన్ని కూడా అదే వరసలో చేర్చారు.

దెబ్బతిన్నది మందం దగ్గర. ప్లాస్టిక్ లోహమంత గట్టిది కాదు కాబట్టి దాని పోగులు సుమారు 150 మైక్రాన్లు ఉంచాల్సి వచ్చింది, పోటీలో ఉన్న లోహపు స్టెంటు పోగుకి దాదాపు రెండింతలు. సన్నటి నాళంలో లావు పోగు అడ్డం పడితే రక్తం అక్కడ గడ్డకట్టడానికి ఆస్కారం ఎక్కువ. రెండేళ్ళ లెక్క తీస్తే పెద్ద గుండె సమస్యలు అబ్జార్బ్ వాళ్ళలో 11 శాతం, లోహపు స్టెంటు వాళ్ళలో 7.9 శాతం. 2017 మార్చిలో ఎఫ్‌డీఏ డాక్టర్లకి హెచ్చరిక లేఖ రాసింది. సెప్టెంబరులో కంపెనీయే అమ్మకం ఆపేసింది. పధ్నాలుగు నెలలు నిలిచింది అమెరికాలో. నా మటుకు నాకు దీన్ని మోసం అనబుద్ధి కాదు. లెక్క బయటపెట్టారు, ఆపారు. కానీ కొత్తది కాబట్టి మంచిదే అయి ఉంటుందని ముందే నమ్మేసినవాళ్ళు మాత్రం చాలామంది.

ఆలోచన చావలేదు. 2024 ఏప్రిల్‌లో అదే కంపెనీ చేసిన ఎస్‌ప్రీ అనే పలచటి రకానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, ఈసారి గుండెకి కాదు, మోకాలి కింద మూసుకుపోయిన కాలి నాళాలకి. షుగరు ముదిరి కాలి వేళ్ళు, పాదం పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడి నాళాలు మూసుకుపోయినవాళ్ళే. మన కుటుంబాల్లో అలాంటివాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ పేరు ఎప్పుడో ఒకసారి వినపడొచ్చు.

అబ్జార్బ్ పడినవాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారని ఎపిసోడ్ రికార్డు చేస్తుంటే మా తమ్ముడు అడిగాడు. మొదటి రెండుమూడేళ్ళు బాగా గడిచినవాళ్ళలో ఆ ప్లాస్టిక్ ఇప్పుడు లేదు. అది కరగడానికి పట్టేది మూడేళ్ళ ప్రాంతం. పెట్టేటప్పుడు ఎక్స్‌రేలో కనపడటం కోసం దానికి ఈ చివర రెండు, ఆ చివర రెండు ప్లాటినం చుక్కలు అతికించేవారు. ప్లాటినం కరగదు. ఆ మనిషికి ఇప్పుడు యాంజియోగ్రామ్ తీస్తే నాళం పొడవునా ఇంకేమీ ఉండదు, ఆ నాలుగు చుక్కలు మాత్రం గుండెతోపాటు కదులుతూ కనపడతాయి.